మళ్లీ నీళ్లలోకి

"ఇక ఈదొచ్చు" అని డాక్టరు అనగానే లిఫ్ట్ మెకానిక్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఛాతీ ఆపరేషన్ అయినప్పటి నుంచి అతను ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే. ఆసుపత్రి మెట్లు దిగుతూనే అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, సాయంత్రం ఈతకొలనుకి రావాలి నువ్వు."

"నేనొచ్చి ఏం చేస్తానురా?"

"గట్టు మీద కూర్చో. నేను దూకుతుంటే ఎవరో ఒకరు చూడాలి కదా."

ఆ రోజంతా చేతులు ఒకచోట, మనసు ఒకచోట. లిఫ్ట్ గుంతలో దిగి నూనె రాస్తూ ఈల వేస్తుంటే, తోటి మెకానిక్ పైనుంచి తొంగిచూసి, "ఏంటి సంగతి, పెళ్లి కుదిరిందా?" అన్నాడు.

"అంతకంటే పెద్దదే" అన్నాడితను.

పుట్టినప్పుడు అందరూ అతణ్ని ఆడపిల్ల అన్నారు. చిన్నప్పుడు చేపపిల్లలా నీళ్లలోనే ఉండేవాడు. ఒళ్లు మారడం మొదలయ్యాక ఈత దుస్తులు వేసుకోవడమే నరకమైంది. కొలనుకు వెళ్లడం మానేశాడు. అద్దం చూడటం మానేశాడు. స్నానం కూడా లైటు ఆర్పేసే చేసేవాడు. చివరికి మంచం దిగడమే కష్టమై, బతకాలని లేదని ఒకరోజు అక్కతో అనేశాడు. అక్క గాభరా పడలేదు. పక్కన కూర్చుని అంతా విని, మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ మొదటిసారి "నేను మగవాణ్ని" అని పైకి అన్నాక, అతనికి చాలా కాలానికి ఆకలి వేసింది. ఆ తర్వాత హార్మోన్ల మందులు, గడ్డం, చివరికి రొమ్ములు తీసేసే ఈ ఆపరేషన్.

సాయంత్రం కొలను దగ్గర మగవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో చొక్కా విప్పబోయి ఆగాడు. ఆపరేషన్ మచ్చల గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో దారంతా తయారుచేసుకున్నాడు. పక్కన ఇద్దరు ఏ తువ్వాలు ఎవరిదని పోట్లాడుకుంటున్నారు. అతనివైపు ఎవరూ తల కూడా తిప్పలేదు. నవ్వొచ్చింది. చొక్కా కొక్కేనికి తగిలించి బయటికి పరుగెత్తాడు.

దూకాడు.

చన్నీళ్లు నేరుగా ఛాతీకి తగిలాయి. ఇన్నేళ్లూ ఛాతీని అదిమి కట్టిన బట్ట లేదు, బిగుతు లేదు, భయం లేదు. నీళ్లలోనే కేక పెట్టాడు; బుడగలు వచ్చాయి. ఆ చివరికి వెళ్లి తల ఎత్తేసరికి, మెడలో విజిల్‌తో ఒకావిడ గట్టు మీద నిలబడి ఉంది. చిన్నప్పుడు అతనికి ఈత నేర్పిన కోచ్.

"ఎడం మోచెయ్యి అలా కిందికి జార్చేసే పిల్ల నా దగ్గర ఒక్కతే ఉండేది. నువ్వు దాని తమ్ముడివా?"

అటువైపు గట్టు మీద కూర్చున్న అక్క లేచి నిలబడింది.

"కాదు మేడమ్. అది నేనే."

ఆమె అతని గడ్డం చూసింది, మచ్చలు చూసింది, మళ్లీ కళ్లలోకి చూసింది. మెల్లగా మోకాళ్లు మడిచి గట్టు అంచున కూర్చుంది.

"చెప్పాపెట్టకుండా మానేశావు. ఎంత వెతికించానో తెలుసా?"

"అప్పుడు ఎలా చెప్పాలో తెలీలేదు మేడమ్."

"మరిప్పుడు నిన్నేమని పిలవాలి?"

"ఏరా అనండి చాలు."

"సరేరా. ఇంకో రౌండు కొట్టు. మోచెయ్యి పైకి."

అతను ఈదుతుంటే ఆమె తిడుతూ గట్టు వెంట నడిచింది. చెప్పులు చేత్తో పట్టుకుని అక్క రెండోవైపు నడిచింది. మలుపు దగ్గర కోచ్ వంగి, "పెద్దవాళ్ల రిలే జట్టులో ఒకడు తక్కువయ్యాడు. పొద్దున్నే లేవగలవా..." అంటుండగానే, "వస్తాను" అని గోడను తన్ని ముందుకు దూసుకుపోయాడు.