ఒక్క చేపా ఎక్కువ పట్టలేదు

బాబాయ్ కాలేజీకి వచ్చాడంటే ఏదో మునిగిందన్నమాటే. చెరువు గట్టు దాటి రావడానికి బద్ధకించే మనిషి, జాలర్ల సంఘానికి పెద్ద, టోపీ చేతుల్లో నలుపుకుంటూ గణితశాఖ గుమ్మంలో నిలబడ్డాడు.

“లోపలికి రా బాబాయ్” అంది లెక్చరర్.

కుర్చీ అంచున కూర్చున్నాడు. “చెరువులో చేప లేదమ్మా. దొంగ మా ఇంట్లోనే దొరికాడు.”

దొంగ అంటే ఆయన కొడుకు. చిన్నప్పటి నుంచి ఆమె వెంటే తిరిగిన తమ్ముడు.

చెరువు పాడవకుండా ఏడాదికి ఎంత చేప పట్టవచ్చో చెప్పమని సంఘం కొన్నేళ్ల కిందట ఆమెనే అడిగింది. బోర్డు మీద ఏటా చెప్పే పాఠం ఇన్నాళ్లకు ఒకరికి పనికొస్తోందని తెగ మురిసిపోయింది. సమీకరణం కూడా ఏమంత కష్టమైంది కాదు. ఈ ఏటి చేపలకు పుట్టేవి కలిపి, చచ్చేవి, పట్టేవి తీసేస్తే వచ్చే ఏటి చేపలు. చేపలు మరీ తక్కువైతే పిల్లలు తక్కువ, మరీ ఎక్కువైతే మేత చాలదు, నడిమధ్యన పెరుగుదల అన్నిటికన్నా ఎక్కువ. ఆ పెరుగుదల ఎంతో అంతా పట్టుకోండి, చెరువు ఎప్పటికీ అలాగే ఉంటుంది అని చెప్పేసింది. ఎక్కువలో ఎక్కువ ఎంత అని వాళ్లడిగారు, ఎక్కువలో ఎక్కువే ఆమె ఇచ్చింది. చదువుకున్న బుర్రకు అంతకన్నా ముచ్చటేముంటుంది!

ఆ సమీకరణంలో వాన ముఖం చాటేసే ఏడాదికి చోటు లేదు. అలాంటి ఏడాది ఒకటి వచ్చింది. నీళ్లు ఇంకి చేపలు చచ్చాయి, మిగిలినవి ఆ నడిమధ్య లెక్కకు కిందికి జారాయి. పుట్టేవి తగ్గాయి, పట్టేవి మాత్రం తగ్గలేదు. ఏటికేడు ఆ లోటు పెరుగుతూనే పోయింది. చెరువులో చేప తగ్గిందని విని, ఒక్క చెడ్డ ఏడాదిని కలిపి ఆమె నిన్ననే లెక్క మళ్లీ వేసి చూసింది. గ్రాఫు నేలను తాకింది. రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

“నువ్వు చెప్పినదానికి ఒక్క చేపా ఎక్కువ పట్టలేదమ్మా” అన్నాడు బాబాయ్. “తూకం దగ్గర నేనే కూర్చున్నా. చేప దొరక్కపోతే పొద్దంతా వలేసి మరీ నీ లెక్క పూర్తి చేశాం. మరి చెరువెందుకు ఖాళీ అయినట్టు? ఎవడో చాటుగా పట్టుండాలి. సాయంత్రాలు ఒంటరిగా పడవ తీసేది మావాడే. అందరి ముందూ నిలబెట్టి అడిగా. ఒట్టేశాడు, ఏడ్చాడు. పడవ లాగేసుకున్నా. ఇల్లొదిలి పోయాడు.”

“ఎక్కడికి?”

“ఎవరికి తెలుసు.”

ఆమె లేచి సుద్దముక్క అందుకుంది. బోర్డు మీద గుట్టలా ఒక వంపు గీత గీసింది. “వాడు దొంగ కాదు బాబాయ్. నా లెక్కే తప్పు. చూడు, చేపలు ఇక్కడున్నంత కాలం ఫరవాలేదు. ఒక్క ఏడాది ఇటు జారాయా, అంతే పట్టుకుంటూ పోతే ఇక లేవవు. మీరు మాట తప్పకపోవడమే చెరువుని ముంచింది. మాట తప్పి తక్కువ పట్టినా బతికేది!”

బాబాయ్ గీతలకేసి మర్యాదగా చూశాడు. తర్వాత ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఆమెను భయపెట్టింది.

“చిన్నప్పుడూ అంతే నువ్వు. వాడు అద్దం పగలగొడితే నేనేనని ముందుకొచ్చి తన్నులు తినేదానివి.”

“అది వేరు బాబాయ్! సంఘానికొచ్చి అందరికీ నేనే చెప్తాను.”

“వద్దు తల్లీ. వాణ్ణి కాపాడటానికి నీ పేరు పాడు చేసుకుంటావా? నేనుండగా ఆ పని జరగనివ్వను. నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక?”

ఆమె మళ్లీ నోరు తెరిచేలోగా ఆయన లేచి నిలబడ్డాడు. ఏనాడూ ఎవరి ముందూ తల వంచని మనిషి రెండు చేతులూ జోడించాడు.

“నీ మాటకి మా ఇంటివాడే మచ్చ తెచ్చాడు. వాడి తరఫున క్షమాపణ అడగడానికే వచ్చానమ్మా.”