ముడులాయన పట్టు తివాచీ

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ ఇంట్లో పట్టు తివాచీకి జరిగిన మర్యాద మనుషులకి జరగలేదు. దాని మీద ఎండ పడకూడదని ముందుగది కిటికీకి రెండు పొరల తెరలు. చెప్పులు కాదు గదా, తడికాలు మోపినా నేరమే. ఒకే చోట అరిగిపోకుండా అప్పుడప్పుడూ తలవైపుని కాళ్ళవైపుకి తిప్పి పరిచేవాళ్ళు. దాన్ని నేసిన మనిషి మాత్రం దగ్గి దగ్గి వెనకగదిలో చెక్కమంచం మీద పోయాడు. ఆ మంచం కింద గోనెపట్టా కూడా లేదు.

ఆయన్ని వీధిలో అందరూ ముడులాయన అనేవాళ్ళు. తివాచీల కార్ఖానాలో మగ్గం ముందు కూర్చుని జీవితమంతా ఊరివాళ్ళ ఇళ్ళకి ముడులు వేశాడు. ఉన్నివన్నీ కార్ఖానాకి, పట్టుది ఒక్కటి పెళ్ళానికి. ఇంట్లో చిన్న మగ్గం పెట్టుకుని ఏళ్ళ తరబడి నేశాడు దాన్ని. ముదురెరుపు అంచు, మధ్యలో మీగడరంగు, ఆ మీగడ మీద పాకే నీలం తీగలు. ఒక మూల దారం తెగితే మళ్ళీ కట్టినచోట జొన్నగింజంత బుడిపె మిగిలింది. అది తప్పేనని ఆయన విప్పబోతే, పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఆపింది. ఉండనివ్వండి, మీరు చేశారని తెలియాలిగా అంది. ఆవిడ నోట వచ్చిన మంచిమాటల్లో వీధి గుర్తుపెట్టుకున్నది ఇదొక్కటే.

ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పేర్లున్నా పిలిచేవాళ్ళు లేరు, పెద్దదీ చిన్నదీ అంతే. చిన్నదానికి పెళ్ళయింది. పెద్దదానికి సంబంధాలు వచ్చాయి, అమ్మ ఏదో ఒక వంక పెట్టి వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేసింది. ఇది వెళ్ళిపోతే ఇంటి చాకిరీ ఎవరు చెయ్యాలి మరి? అలా పెద్దది ఆ ఇంట్లోనే ఉండిపోయి, నడుము వంచి బండలు తోముతూ నడివయసుకి వచ్చింది.

ముడులాయన పోయిన కొన్నాళ్ళకి అమ్మకి చూపు పోయింది. రంగులు పోయాయి, తీగలు పోయాయి, తివాచీలో ఇక స్పర్శ ఒక్కటే మిగిలింది. పట్టు నూగుకి ఒక వాలు ఉంటుంది. వాలు వెంట నిమిరితే అరచేతి కింద నీళ్ళలా జారుతుంది, ఎదురు నిమిరితే చిన్నగా అడ్డుపడుతుంది. పొద్దున్నే స్నానం చేసి, కుర్చీ దిగి, తివాచీ అంచున కూర్చుని అమ్మ దాన్ని నిమిరేది. నిమురుతున్నంతసేపే ఆవిడ మనిషి. ఏ తీగ ఏ చలికాలంలో నేశాడో, ఏ రోజు దారాలు చిక్కుపడి తిట్టుకున్నాడో నవ్వుతూ చెప్పేది. లేచి కుర్చీ ఎక్కిందంటే మళ్ళీ మామూలే, నోరు తెరిస్తే నిప్పులు.

ఆ పొద్దుటి గంట కోసమే పెద్దది బతికేది. అవును, అంత చిన్న ఆశ. అమ్మ నిమురుతుంటే తాను పక్కన కూర్చుని మెత్తని బ్రష్‌తో వాలు వెంట దువ్వేది, కుచ్చులు చిక్కు తీసేది. తివాచీ పని దానికి నాన్నే నేర్పాడు. ఏదైనా ఒలికితే రుద్దకూడదు, పొడి నూలుగుడ్డ అద్ది పీల్చనివ్వాలి. ముందు ఏ మూలో తడి తెల్లగుడ్డ ఒత్తి రంగు దిగుతుందేమో చూడాలి. చల్లనీళ్ళు, అందులో రెండు చుక్కల వెనిగర్, అంతే. నీడలో, ఫ్యాన్ గాలికి ఆరాలి. ఉన్ని మొండిది, కాస్త ఓర్చుకుంటుంది, పట్టు ఓర్చుకోదమ్మా అని ఆయన చెప్పేవాడు. పెద్దది ఆ పనంతా తలుపు వేసుకుని చేసేది. తనకంటూ ఉన్నది ఆ ఒక్క విద్య, దాన్ని ఎవరి కళ్ళా పడనిచ్చేది కాదు.

అలా ఉండగా చిన్నది మొగుడితో పడక, పెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. మంచి పిల్ల, మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. వచ్చిన వారానికే అమ్మ కాళ్ళకి నూనె రాయడం దాని పనైంది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

ఒకరోజు పెద్దది కుచ్చులు సర్దుతుంటే వేలి పగులుకి పట్టుపోగు తగులుకుని పైకి లేచింది. చప్పుడు కూడా కాలేదు. కానీ అమ్మ అరచెయ్యి అక్కడే ఉంది.

"ఏదీ, చెయ్యి ఇటివ్వు" అంది అమ్మ.

పెద్దది ఇచ్చింది. అమ్మ ఆ అరచేతిని బొటనవేలితో ఒకసారి రాసి చూసి, వదిలేసి, తన వేళ్ళు చీరకి తుడుచుకుంది.

"ఇది చెయ్యా, ఆకురాయా? ఈ చేతులు పట్టుకి గుచ్చుకుంటాయి. ఇక ఈ గుమ్మం దాటి లోపలికి రాకు. చిన్నదాన్ని పిలు."

ఆ చేతులు అలా ఎందుకయ్యాయో అమ్మకి తెలియదా? ఈ ఇంటి బండలు బట్టల సోడాతో తోమి తోమి, ఈవిడ పక్కబట్టలు ఉతికి ఉతికి అయ్యాయి. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. కానీ పెద్దది ఒక్క మాట అనలేదు. అనే అలవాటు లేదు. వెళ్ళి చిన్నదాన్ని పిలిచింది, వంటింట్లోకి వెళ్ళి సోడా బకెట్‌లో చేతులు పెట్టి, పగుళ్ళు మండుతున్నా అలాగే ఉంచుకుంది.

ఆ మర్నాటి నుంచి ముందుగదిలో నవ్వులు వంటింట్లోకి వినిపించేవి. కథలన్నీ చిన్నదానికే. పెద్దది గిన్నెలు చప్పుడు కాకుండా తోముతూ చెవులు అటే పెట్టేది. సగం మాటలు వినబడేవి, సగం వినబడేవి కావు. వినబడనివే దాన్ని ఎక్కువ కాల్చేవి.

అమ్మ ఒక పొద్దున తడుముకుంటూ పాలగ్లాసు తానే తోసేసింది. ఒలికిన పాలు తివాచీ మూల మీద పడ్డాయి. గ్లాసు అక్కడ పెట్టినవాళ్ళదే తప్పని కాసేపు తిట్టి, అమ్మ పక్కింటావిడతో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తను వచ్చేసరికి మరక ఉండకూడదంది. చిన్నది పరుగున వంటింట్లోకి వచ్చింది. ఏం చెయ్యాలో తనకి తెలియదనీ, అక్కని అడగొద్దని అమ్మ అందనీ, అయినా భయంగా ఉందనీ చెప్పింది.

పెద్దదానికి జాలేసింది. అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. వెనిగర్ సీసా కోసం అర మీదికి చెయ్యి కూడా చాపింది. సరిగ్గా అప్పుడే చిన్నది, పాపం చనువుకొద్దీ, ఇంకో మాట అంది.

"అక్కా, నిన్న అమ్మ ఏమందో తెలుసా? నావి అచ్చం నాన్న చేతుల్లా ఉన్నాయంది."

పెద్దది చాపిన చెయ్యి దించుకుంది. నాన్న కన్నుమూసిన రాత్రి ఆ చేతులు పట్టుకుని కూర్చున్నది తను. చిన్నది అప్పుడు అత్తారింట్లో ఉంది.

"వేడినీళ్ళు పెట్టు. బాగా కాగాలి" అంది పెద్దది. "రెండు గుప్పిళ్ళు సోడా వెయ్యి. నూగుకి ఎదురు రుద్దు, అప్పుడే పాలవాసన పోతుంది. తర్వాత మేడ మీద ఎండలో వెయ్యి."

ఒక్క మూలే పాడవుతుంది, అమ్మ గోలపెడుతుంది, మళ్ళీ తననే పిలుస్తుంది, ఎలాగో బాగు చేస్తాను. పెద్దది వేసుకున్న లెక్క అంతే. చిన్నదాని మంచితనం ఆ లెక్కలోకి రాలేదు. ఆ పిల్ల అమ్మని సంతోషపెడదామని తివాచీ మొత్తం మేడ మీదికి మోసుకెళ్ళి, బకెట్ల కొద్దీ వేడినీళ్ళు పోసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఒళ్ళు దాచుకోకుండా రుద్దింది.

పెద్దది ఆరిన దుప్పట్లు తీయడానికి మేడమెట్లు ఎక్కి, పై మెట్టు మీదే నిలబడిపోయింది. తూములోకి ఎర్రనీళ్ళు పోతున్నాయి. అంచు ఎరుపు మీగడలోకి పాకుతోంది, నీలం కరిగి బురదైపోతోంది. ఆపితే సగమైనా దక్కేది. చిన్నది చెమట తుడుచుకుని, మురికి ఎంత వదులుతోందో చూడక్కా అని నవ్వింది. పెద్దది ఆపమని చెప్పబోయింది. కానీ ఆపితే ఎందుకాపావని అడుగుతారు కదా. దుప్పట్లు తీసుకుని కిందికి దిగి, అంచుకి అంచు కలిపి మడతపెట్టుకుంటూ కూర్చుంది.

సాయంత్రం అమ్మ వచ్చింది. చిన్నది తివాచీ పరిచి, ముఖం చిన్నబుచ్చుకుని, గోడకి ఆనుకుని నిలబడింది. ఎండలో ఆరాక అదెలా ఉందో దానికీ తెలిసింది. రంగులు అమ్మకి కనబడవులే అన్న ఆశ ఒక్కటే మిగిలింది పాపం. పెద్దది గుమ్మం బయట ఉంది.

అమ్మ అంచున కూర్చుని అరచెయ్యి పెట్టింది. వాలు వెంట నిమిరింది. ఎదురు నిమిరింది. మళ్ళీ వాలు వెంట నిమిరింది. రెండూ ఒకేలా ఉన్నాయి, గరగరా.

"ఇది నాది కాదు" అంది. "నాదెక్కడ పెట్టారు?"

అమ్మ మోకాళ్ళ మీద పాకుతూ మూలకి వెళ్ళింది. వేళ్ళతో వెతికింది. జొన్నగింజంత బుడిపె చేతికి తగిలింది. తగిలాక దాని మీద వేలు అలాగే ఉంచి, చాలాసేపు తల ఎత్తలేదు. ముడులాయన పోయిన రోజు కూడా ఆవిడ ఏడవలేదు. ఆ సాయంత్రం నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

చిన్నది అమ్మ పక్కన చతికిలబడి, అక్క చెప్పినట్టే చేశానమ్మా అంది. వేడినీళ్ళూ సోడా అక్కే చెప్పిందంది. అమ్మ ఆ గొంతు వచ్చిన వైపు చెయ్యి విసిరింది. దెబ్బ చిన్నదాని చెంప మీద పడింది.

"నోర్ముయ్. అది మొండిది, నల్లముఖంది, దాని నోట ఒక మంచిమాట రాదు. కానీ మీ నాన్న చేతిపనికి అది హాని తలపెట్టదు. ఆ నీలం తీగలు ఎప్పుడు వేశాడనుకున్నావు? అది పుట్టిన ఏడాది. దానికోసం వేశాడు. తన తీగలు తనే చెరుపుకుంటుందా అది?"

పుట్టి బుద్ధెరిగాక పెద్దది తన గురించి అమ్మ నోట విన్న మొదటి మంచిమాట అది. ఆ తీగలు తనకోసమేనన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది, అవి బురదయ్యాక. పెద్దది నిజం చెప్పేయాలనే నోరు తెరిచింది.

"ఏమే పెద్దదానా, దీనికి నువ్వేం చెప్పావు?" అని అడిగింది అమ్మ, తడి ముఖం గుమ్మం వైపు తిప్పి.

చిన్నది కూడా అక్క వైపే చూసింది. ఆ చూపులో కోపం లేదు, అక్క ఒప్పుకుంటుందనే నమ్మకం ఉంది.

"చల్లనీళ్ళే చెప్పానమ్మా" అంది పెద్దది.

అంతే, ఇల్లు తిరగబడింది. చిన్నదాన్ని తన్ని తరిమేయకపోవడమే తన దయ అని అమ్మ రోజుకోసారి గుర్తు చేసేది. బండలు తోమడం, బట్టలు ఉతకడం, సోడా బకెట్, అన్నీ దాని పాలయ్యాయి. చిన్నది రెండో మాట ఎత్తలేదు. తలదాచుకోవడానికి వేరే చోటు లేనివాళ్ళకి న్యాయం అడిగే తాహతు ఎక్కడిది? అక్క ఎదురొస్తే గోడవైపు జరిగి దారి ఇచ్చేది. అదే పెద్దదానికి తిట్టుకన్నా ఎక్కువగా తగిలేది.

పెద్దదానికి కోరుకున్న పొద్దుటి గంట దక్కింది. రోజూ అమ్మ పక్కన కూర్చుని దువ్వేది. ఏం దువ్వుతుంది? సోడాకి చచ్చిన పట్టు మళ్ళీ లేవదని దానికంటే బాగా ఎవరికి తెలుసు? బ్రష్ వేస్తే పోగులు పొట్టులా రాలేవి. వాటిని అమ్మ వేళ్ళకి తగలకుండా ఏరి ఒళ్ళో వేసుకునేది. అమ్మ ఇప్పుడు కథలు చెప్పడం లేదు, నవ్వడం లేదు. నిమిరి చూసి ఒక్కటే అడిగేది, మెత్తదనం వస్తోందా అని. పెద్దది ఒక్కటే చెప్పేది, వస్తోందమ్మా అని.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున చిన్నది గ్లాసులో పాలు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతులు ఎర్రగా పగిలి, వేళ్ళ సందుల్లో నెత్తురు చారలు కట్టి ఉన్నాయి. అమ్మ చలికి ముడుచుకుని కూర్చోవడం చూసి, ఆ పిచ్చిది ఇంకా తల్లే అనుకుంటోంది కదా, కాళ్ళు పట్టనా అమ్మా అంటూ గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

అమ్మ ఏమనాలో ఆలోచిస్తున్నట్టు తల పక్కకి వంచింది. సరే అంటుందేమో. సరే అంటే చిన్నది వచ్చి పక్కన కూర్చుంటుంది, వాళ్ళిద్దరూ మళ్ళీ నవ్వుకుంటారు. పెద్దదాని చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"అక్కడే ఆగు" అంది పెద్దది. "ఆ చేతులు పట్టుకి గుచ్చుకుంటాయి."

చిన్నది పాలగ్లాసు గుమ్మం బయట కింద పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ చెయ్యి చాపి తడుముకుని పెద్దదాని చెయ్యి అందుకుంది. అరచేతిని బొటనవేలితో మెల్లగా రాసి చూసి, చెయ్యి మెత్తబడిందే అంది. ఈసారి వేళ్ళు తుడుచుకోలేదు. వంటింటి వైపు నుంచి బండ మీద బ్రష్ గీస్తున్న చప్పుడు వస్తోంది. పెద్దది రెండో చేత్తో ఒళ్ళోంచి జారిన నీలం పోగులు ఏరుకుంటూ కూర్చుంది.