ఎండెక్కినాక విచ్చే పూలు

నా పెండ్లాం హన్నమ్మను పెట్టెలో పడుకోబెట్టినాక ఆడోళ్ళు పూల కోసం చూసినారు. ఉదయగిరి అంగడికి పోయిన మనిషి ఇంకా రాలేదు. మూత కొట్టే టైమైంది. పక్కింటి రేణుకాదేవి మా వసారాలో తల పైకెత్తింది. వాసానికి తలకిందులుగా కట్టిన బొగడబంతి కట్ట కనబడింది.

"ఇంత మంచి పూలు ఇంట్లోనే పెట్టుకొని ఊరంతా తిరగతా ఉండారే" అని తెంపి, హన్నమ్మ చేతుల్లో పెట్టింది.

ఎండినా రంగు పోని పూలవి. తెలీనోళ్ళకు అప్పుడే కోసినట్టు ఉంటాయి. అవి విత్తనానికి దాచినవి. ఏటా చలి తగ్గేటప్పుడు హన్నమ్మ ఆ పూలు నలిపి పగిలిన చట్టుల్లో చల్లేది. బియ్యం కడిగిన నీళ్ళు తప్ప వాటికి ఇంకేమీ లేదు. ఊళ్ళో పచ్చనిది ఏదీ మిగలని ఎండల్లో అవి ఊదారంగుకు పూసేవి. ఈస్టరు నాడు తెల్లవారకముందే కోసుకపోయి మా పాప కృపారాణి సమాధి మీద పెట్టేది. పాప ఒకటో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి పోయింది. మాకు ఇంకెవురూ పుట్టలేదు.

విత్తనమని చెప్పబోయినాను. ఆమె చేతుల్లో బాగుండినాయి. మూత కొట్టేసినారు.

ఆసుపత్రిలో ఆమె నాతో ఆఖరున అన్నది ఒకటే. "పాపకు ఈస్టరు పూలు మరవబాక." సరే అన్నాను. అంగడి పూలు పెట్టొచ్చు. కానీ కొన్న పూలు ఆమె ఎన్నడూ పెట్టలేదు. మనింట్లో పూసిందే పాపకు, అనేది.

ఆ విత్తనం ఆమె ఒకరికే ఇచ్చింది, ఆత్మకూరులో ఉండే చెల్లెలు మస్తానమ్మకు. దినాలు అయినాక బస్సెక్కి పోయినాను.

మస్తానమ్మ నన్ను చూసి ఏడ్చింది. తర్వాత అడిగినాను.

"బొగడబంతా? ఎక్కడ బావా! వాకిలంతా బండలు పరిపించినాము గదా. అక్క ఉన్నప్పుడు ఒక్కసారి రమ్మంటే రాని మనిషివి, పూల కోసం వచ్చినావా?"

ఆమె కోడలు నిరోష లోపలినుంచి వచ్చి, "మిద్దె మీదకు రా పెదనాయనా" అంది.

మిద్దె మీద పెయింటు డబ్బాలు, అడ్డంగా కోసిన నీళ్ళ క్యాన్లు. వాటినిండా నాచుపూలు. గులాబీ రంగు. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు కాలతా ఉంటే అవి మాత్రం నవ్వతా ఉండాయి.

"విత్తనం కూడా అక్కర్లేదు. తుంచి గుచ్చితే చాలు. ఎంత ఎండుంటే అంత పూస్తాది. నీళ్ళు మాత్రం ఎక్కువ పోయబాక, కుళ్ళిపోతాది."

కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. హన్నమ్మ చట్టి ఒకటి తీసి గుచ్చినాను. నీళ్ళు పోయాలని చెయ్యి పోయేది, ఆపుకునేవాణ్ణి. బతికినాయి. మొగ్గలు వచ్చినాయి. నేను చీకటితో మేకల్ని తోలుకపోతాను. అన్నానికి వచ్చేసరికి చట్టి నిండా పూసి ఉండేవి. సాయంత్రం ముడుచుకొని ఉంటే ఎండకు సొక్కినాయి అనుకున్నాను.

ఈస్టరు నాడు చీకట్లోనే చట్టి నెత్తిన పెట్టుకొని సమాధుల దొడ్డికి పోయినాను. అందరూ కొవ్వొత్తులు వెలిగిస్తా ఉండారు. చట్టి పాప సమాధి మీద దించినాను. కొవ్వొత్తి వెలుతురులో చూస్తే ఒక్క పువ్వు లేదు. అన్నీ మూసుకొని ఉండాయి, గింజల్లాగా.

మా వీధి జోయల్ వంగి చూసినాడు. "ఏంది మామా, గంగపాయలాకు తెచ్చినావు? పప్పులోకా?"

ఇద్దరు ముగ్గురు నవ్వినారు. వాడు చెడ్డోడు కాదు. నా మొగం చూసి ఆపేసి, తన చేతిలో బంతిపూలు కొన్ని తీసి ఇవ్వబోయినాడు.

"వద్దురా."

అయ్యగారు ప్రార్థన చేసినాడు. పాటలు పాడినారు. తెల్లారింది. అందరూ గుడికి కదిలినారు.

"రా మామా, ఆరాధన మొదలు పెడతారు."

"నువ్వు పో."

తువ్వాల నెత్తిన వేసుకొని కూచున్నాను. పాప సమాధి సిమెంటుది. పక్కన హన్నమ్మది ఇంకా మట్టి దిబ్బే. విత్తనం ఆమె దగ్గరే ఉండాది, అంత లోతులో మొలవదు. అయినా ఆ మట్టి మీద చెయ్యి పెట్టి చూసినాను.

ఎండ ముందు ఉదయగిరి కొండ మీద కోటగోడకు తగిలింది. ఎంతసేపటికో దిగి వచ్చింది. గుడిలో నుంచి మైకు వినబడతా ఉండాది. సిమెంటు వేడెక్కింది. నా వీపు కాలతా ఉండాది. అప్పుడు ఒక మొగ్గ కదిలినట్టు అయింది. కళ్ళు సరిగా ఆనవు నాకు, దగ్గరికి జరిగి చూసినాను. విచ్చింది. దాని పక్కది. చూస్తా ఉండంగానే చట్టి నిండినాది.

చుట్టూ సమాధుల మీద పెట్టిన బంతులు, చామంతులు ఆ ఎండకు వాలిపోయినాయి. చూసేదానికి ఎవురూ లేరు.

"పాపకు పెట్టినాను హన్నమ్మా" అన్నాను. బయటికే అన్నాను. ఇంట్లో ఆమెతో అన్ని మాటలు ఎప్పుడు మాట్లాడినానో గుర్తు లేదు.

రెండు పూలు తుంచి దిబ్బ మీద పెట్టినాను. అవి చట్టిలోవాటి కంటే ముందే ముడుచుకున్నాయి. చట్టిలోవి కూడా మూసుకునేదాకా ఉండి, లేచినాను. మేకలు పొద్దున్నించి కట్టేసే ఉండాయి.