గడియారం లేని గది

మా షాపు గోడకి ఒక ఉత్త మేకు ఉంటుంది. పీకేద్దామని పనివాళ్లు ఎన్నిసార్లు అడిగినా నేను ఒప్పుకోను.

ఒళ్లు పట్టే పని నాకు నేర్పింది మా మేనత్త. ఆవిడ గది టైలర్ కొట్టు పైన ఉండేది. పద్నాలుగు మెట్లు, చివరిది కాస్త విరిగింది. నడుం నొప్పి నిజమో కాదో ఆ మెట్టే తేలుస్తుందని టైలర్ ఎగతాళి చేసేవాడు. లోపల ఒక బల్ల, స్టవ్ మీద నూనె గిన్నె, మడతపెట్టిన తువ్వాళ్లు, అంతే. గోరువెచ్చని నూనె వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆ గదే గుర్తొస్తుంది.

అత్తది ఒకటే పట్టింపు. పని అయ్యాక మనిషిని లేపకూడదు. దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద కూర్చుని టీ తాగేది. తరవాత వచ్చినవాళ్లు ఎంతసేపని అడిగితే, "లేచినప్పుడు లేస్తారు, కూర్చోండి" అనేది. వాళ్లూ బుద్ధిగా కూర్చునేవాళ్లు. మెట్లన్నీ నిండిపోయి కబుర్లు మొదలయ్యేవి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. పదిమందిని చూడగలిగిన రోజున నలుగురిని చూసి మురిసిపోవడమేమిటి?

ఆరేళ్లు ఓపిక పట్టి, పెద్ద వీధిలో సొంతంగా షాపు పెట్టాను. మూడు బల్లలు, తెల్లటి తెరలు, గోడకి గడియారం. దానికి పెట్టిన అలారం ముప్పావుగంట కాగానే మోగేది. నేను తువ్వాలు తీసి "అయిపోయిందండీ" అనేదాన్ని. ప్రారంభం రోజున అత్త గుమ్మంలోంచే గడియారాన్ని చూసి, "బాగుంది" అని వెళ్లిపోయింది. మళ్లీ ఇటు తొంగి చూడలేదు. టైలర్ నాకు గంటలమ్మ అని పేరు పెట్టాడు.

వచ్చినవాళ్లు తెగ మెచ్చుకునేవాళ్లు, మళ్లీ కనిపించేవాళ్లు కాదు. పది నెలలయ్యేసరికి పనివాళ్లిద్దరినీ మాన్పించాను. నెలాఖరుకి షాపు ఖాళీ చేస్తానని యజమానికి చెప్పేశాను. ఆ కబురు ఎవరు మోశారో గానీ, మర్నాడే అత్త వచ్చింది.

"నడుం పట్టేసింది. చూస్తావా?" అంది.

ఎవరిచేతా ఒళ్లు పట్టించుకున్న మనిషి కాదు. గబగబా నూనె వెచ్చబెట్టాను.

బోర్లా పడుకుంది. నడుమూ భుజాలూ రాయిలా ఉన్నాయి. అరచేతులతో మొదలుపెట్టి మోచేతులతో నొక్కేదాకా వచ్చాక కొంచెం వదులయ్యాయి. అప్పుడు అత్త మెల్లగా అంది.

"గడియారం వంక చూశావు కదూ?"

ఆవిడ మొహం కిందికే ఉంది. "నీకెలా తెలిసిందత్తా?"

"నీ చేతులు నన్ను వదిలేశాయి. వచ్చినవాళ్లందరికీ తెలుస్తుందే పిచ్చిదానా. మొహమాటానికి చెప్పరు."

కోపమొచ్చింది, ముందు ఆవిడ మీద, ఆ తరవాత నా మీద. స్టూలెక్కి గడియారం దించి సొరుగులో పడేశాను. చేతులు మళ్లీ వెచ్చబెట్టుకుని మొదటినుంచీ మొదలుపెట్టాను. కాసేపటికి ఆవిడ ఊపిరి మారింది. చిన్న గురక వినిపించింది. దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, బయట గట్టు మీద కూర్చున్నాను.

ఎవరో ఒకావిడ వచ్చి ఎంతసేపు పడుతుందని అడిగింది.

"లేచినప్పుడు లేస్తారు, కూర్చోండి" అన్నాను. ఆ మాట నా నోట వినేసరికి నాకు ఏడుపొచ్చింది.

చాలాసేపటికి అత్త జుట్టు ముడి వేసుకుంటూ బయటికొచ్చింది. "ఎంతసేపు పడుకున్నానే?"

"చూడలేదత్తా."

నా పక్కనే కూలబడింది. "రేపు టైలర్‌ని పంపిస్తాను. మెడ పట్టేసిందని వారం నుంచీ నా ప్రాణం తీస్తున్నాడు."

"నువ్వే పట్టొచ్చుగా?"

అత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. బొటనవేళ్లు వాచి ఉన్నాయి, వంగడం లేదు.

"నా మెట్ల మీద కూర్చునేవాళ్లందరికీ నీ అడ్రసే చెప్పాను" అంది. "కూర్చోడానికి బయట ఒక బల్ల వేయించు."