అందరి ఓటు

మొక్కజొన్న రేకుల్లో పిండి చుట్టి ఉడికించే తమాలే ఒక్కటి కూడా అమ్మని కంపెనీ కాలిఫోర్నియా రాష్ట్రానికి ఏటా ఎనిమిది వందల డాలర్లు ఎందుకు బాకీపడుతుంది? ఎండుద్రాక్షలోంచి తొడిమలు ఏరుతూ ఒతీలియా ఆరేళ్లుగా ఈ ప్రశ్న అడుగుతూనే ఉంది.

ఫ్రెస్నో శివారు షెడ్డులో ఎండుద్రాక్షను మోసే పట్టీ ఉదయం ఆరింటికి కదులుతుంది. తొడిమ, రాయి, మళ్లీ తొడిమ. పదిహేడేళ్లలో ఆమె కుడి చూపుడువేలు పక్కకు ఒరిగిపోయింది. ద్రాక్ష జిగురు గోళ్ల కింద నల్లగా గట్టిపడింది. ఆ రోజు ఏప్రిల్ పదిహేను, మధ్యాహ్నం సెలవడిగింది.

"యజమానురాలు వెళ్తోంది, దారివ్వండర్రా!" పక్కనున్న చాయో అరిచింది. "లాభాల్లో నాకూ వాటా ఇస్తావా అక్కా?"

"నష్టాల్లో ఇస్తాను, దోసిలి పట్టు," అంది ఒతీలియా.

ఆ కంపెనీని రిజిస్టరు చేయించింది కూతురు మారిబెల్. సభ్యులిద్దరే: తల్లి, తాను. తమాలేలు ఆవిరిపట్టే పెద్ద పాత్ర కొన్నారు. బండి కొనేలోపే, పొగమంచు కమ్మిన హైవే మీద మారిబెల్ పోయింది. తెరవని అంగడికి పన్నేమిటని తల్లి అనుకుంది. రాష్ట్రం అలా అనుకోలేదు. రద్దు కాగితం అందేదాకా కంపెనీ బతికున్నట్టే లెక్క.

పన్నుల కాగితాలు రాసే పెద్దాయన ఎలీసెయో, ఆమె వెళ్లేసరికి, ఈసారి ఆ రద్దు కాగితం నింపి ఉంచాడు.

"ఈ ఏడాదిది ఎలాగూ కట్టాలమ్మా. దీని మీద సంతకం పెట్టేస్తే ఇక రాదు. వచ్చే ఏడు ఆ డబ్బుతో గుండె చూపించుకోండి."

ఆమె వేలు ఒక గడి దగ్గర ఆగింది. "ఇక్కడేం రాసుంది?"

"సభ్యులందరి ఓటుతో రద్దయిందని."

"మరి మా అమ్మాయి ఓటు?"

ఎలీసెయో కళ్లజోడు తీశాడు. "మిగిలింది మీరొక్కరే కదమ్మా. అందరూ అంటే మీరే."

ఆమె కాగితం మీంచి వేలు తీసేసింది. "నా బిడ్డ ఇక లేదని ఆసుపత్రిలో ఒకసారి సంతకం పెట్టానయ్యా. రెండోసారి నావల్ల కాదు."

డబ్బు కట్టింది. రద్దు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

ఆగస్టులో ఒక ఉదయం పట్టీ కదిలింది. ఆమె చోటు ఖాళీగా ఉంది. చాయో ఇంటికి వెళ్లి చూసింది. ఒతీలియా పనిబట్టలు తొడుక్కుని, ఒక కాలికి బూటుతో, మంచం మీదికి ఒరిగిపోయి ఉంది.

మరుసటి వేసవిలో కంపెనీ పేరిట నోటీసు వచ్చింది, ఆలస్యానికి జరిమానాతో సహా. సభ్యులిద్దరూ పోయారు, కంపెనీ బతికే ఉంది. ఆ తమాలేల పాత్ర ఇప్పుడు చాయో ఇంట్లో ఉంది, ధర చీటీ ఊడకుండా, అడుగున నాలుగు మడతల కాగితంతో. వెళ్లి దాని మూత తీయండి, వాసన చూడండి, ఆ కంపెనీ ఏం అమ్మిందో మీరు చెప్పండి.