మొదటి ఊపిరి ఎవరికి?

అక్క ఫోన్ చేసి, "రొమ్ములో గడ్డ ఉందంటున్నారే, ముక్క తీసి పరీక్షకి పంపారు" అంటే చెల్లెలు ఏమందో తెలుసా? "ఇప్పుడు నీకెలా అనిపిస్తోంది?" అంది. సొంత అక్కతో! అక్క అగ్గి మీద గుగ్గిలమైంది.

"నేనేమన్నా నీ పేషెంటునా? రిపోర్టు రోజున నువ్వేం రానక్కర్లేదు. ఒక్కదాన్నే వెళ్తాలే!"

ఫోన్ పెట్టేశాక చెల్లెలు గుండె మీద చెయ్యి వేసి చూసుకుంది. మామూలుగానే కొట్టుకుంటోంది. కళ్లు పొడిగా ఉన్నాయి. అక్క అంటే ప్రాణం కదా, మరి ఇదేమిటి? పాపం, అప్పుడు పట్టుకుంది ఆమెకు అయోమయం.

ఆమె మానసిక కౌన్సెలరు. మందుల షాపు పైన చిన్న గది, రెండు కుర్చీలు. ప్రమాదాల్లో, మంటల్లో, మనుషుల చేతుల్లో నలిగి బయటపడ్డవాళ్లు వచ్చి కూర్చుంటారు. పోయినేడాది దాకా వాళ్ల కథలన్నీ ఇంటికి మోసుకొచ్చేది. కూర తరుగుతూ ఏడ్చేది. తలుపు దభీమంటే ఉలిక్కిపడేది. ఆఫీసులో పెద్ద మేడమ్ చూసి చూసి, ఒక బౌద్ధ భిక్షుణి నేర్పే ధ్యానానికి పంపింది. ఊపిరి పీల్చేటప్పుడు ఎదుటి మనిషి బాధను లోపలికి తీసుకోవాలి, వదిలేటప్పుడు ఊరటను పంపాలి. ఉన్న బాధ చాలదా, ఇదెక్కడి గోల అనుకుంటూనే మొదలుపెట్టింది. చిత్రం, నిద్ర పట్టింది. ఏడుపు ఆగింది.

ఆగింది సరే, అక్క విషయంలో కూడా ఆగిపోవాలా? ఇది ప్రశాంతతా, మొద్దుబారడమా? లోపలి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది! మర్నాడు ఒక డ్రైవరు తన బస్సు లోయలో పడ్డ సంగతి చెబుతుంటే, వింటూ వింటూ, నొప్పి తెలుస్తుందో లేదో చూద్దామని తన చెయ్యి తనే గట్టిగా గిల్లుకుంది.

"ఏంటి మేడమ్, దోమా?" అన్నాడతను.

సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సాయంత్రమే భిక్షుణి దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ ధ్యానం హాలు ఊడుస్తోంది.

"అమ్మా, మా అక్కకి గడ్డ ఉందన్నా నాకు ఏడుపు రాలేదు. నాకు శాంతి వచ్చిందా, నేను రాయినైపోయానా?"

"నాకేం తెలుస్తుందమ్మా! మొదటి ఊపిరి మీ కోసమే అని నేర్పానే, ముందుగా మీ బాధ మీరు పీల్చుకునేది, అది ఎలా సాగుతోంది?"

"అది... చెయ్యట్లేదండీ. వచ్చేవాళ్ల కష్టాల ముందు నాదీ ఒక కష్టమేనా అని వదిలేశా. నేరుగా వాళ్లతోనే మొదలుపెడుతున్నా."

భిక్షుణి చీపురు ఆపి నవ్వింది. "మీ పనిలో ఉన్నవాళ్లంతా సరిగ్గా అదే ఎగ్గొడతారు. అది వదిలేసి మిగతాది ఎంత చేసినా ఏమవుతుందో నేను చెప్పలేను. మీ అక్క దగ్గరికి వెళ్లకుండా ఇక్కడేం చేస్తున్నారు?"

రిపోర్టు రోజున పిలవకపోయినా ఆస్పత్రికి వెళ్లింది. వరండాలో అక్క బ్యాగు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

"రావద్దన్నానుగా."

చెల్లెలు పక్కన కూర్చుని, తన కోసం ఒక ఊపిరి పీల్చింది. ఏమీ లేదు. మళ్లీ పీల్చింది. ఇంతలో లోపలి నుంచి నర్సు అక్కను పిలిచింది. అక్క లేవబోతుంటే చెల్లెలు ఆమె మణికట్టు గభాల్న పట్టుకుంది.

"అక్కా, ఆగు. నాకు భయంగా ఉంది."

గొంతు పీలగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది. ఆ వెంటనే ఎక్కడలేని ఏడుపూ ముంచుకొచ్చింది. ఇది ధ్యానం పని చెయ్యడమో, చెడిపోవడమో ఆమెకు ఏమాత్రం అర్థం కాలేదు.

అక్క ఆమె మొహంలోకి చూసి, కుర్చీలో మళ్లీ కూలబడింది.

"హమ్మయ్య! ఇంట్లో అందరూ ధైర్యంగా ఉన్నారే. భయపడ్డానికి నాకొక్క తోడు దొరకలేదు" అంటూ చెల్లెలి భుజం మీద తల పెట్టి బావురుమంది.

నర్సు మళ్లీ పిలిచింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.