పురుగులకి వేసిన టీకా

మా తమ్ముడి కాలు ఉంటుందో ఊడుతుందో ఒక గాజు పళ్ళెం తేల్చాలి. ఆ పళ్ళెం చూడాల్సిన ఖర్మ నాది. వైరస్‌లు పెంచే ల్యాబ్‌లో పని చేస్తాను. మనుషుల్ని పట్టేవి కాదు లెండి, బ్యాక్టీరియాని తినే వైరస్‌లు.

వాడు గోడలకి రంగులు వేస్తాడు. నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంటే లోపల రాడ్ వేశారు. ఆ రాడ్ మీదే బ్యాక్టీరియా కాపురం పెట్టింది. ఎన్ని మందులు వాడినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. తుంటి దాకా కాలు తీసేద్దామన్నాడు సర్జన్. మావాడు ససేమిరా అన్నాడు. ఒంటికాలితో నిచ్చెన ఎలా ఎక్కుతానని గొడవ. మా అక్క దగ్గర వైరస్ ఉంది, కాస్త ఆగండని సర్జన్‌ని బతిమాలాడు.

ఉన్నమాట నిజమే. మా సీసాలన్నిట్లో వాడి బ్యాక్టీరియాని తినేది ఒకే ఒక్కటి దొరికింది. పళ్ళెం నిండా బ్యాక్టీరియాని తెల్లగా పెంచి, పైన ఆ వైరస్ చుక్క వేస్తే, మర్నాటికి చుక్క పడిన చోట తేటగా గుంట. ఆ గుంట చూసి చిన్నపిల్లలా గంతులేశాను.

మా ల్యాబ్ పెద్దాయన మంచివాడే. ఆ మంచితనంతోనే మా కొంప ముంచాడు. అన్నిటికీ భయం ఆయనకి, వెనకాల మేం 'మెల్లిగా సారు' అంటాం. వైరస్‌ని పూర్తి బలంతో ఎక్కిస్తే బ్యాక్టీరియా అంతా ఒక్కసారే పగిలి, దాని విషం ఒంట్లోకి పాకుతుందేమోనని బెంగపడ్డాడు. అంతకుముందు టీకాలు తయారుచేసి తల నెరిసిన మనిషి కదా, తనకి తెలిసిందే చేశాడు. మొదటి మోతాదుని యూవీ లైటు కింద పెట్టి, చాలావరకు చంపేసి పంపాడు. ముందు ఒంటికి అలవాటు కానివ్వండి, అసలుది తర్వాత ఇద్దాం అన్నాడట. నాతో ఒక్క మాటైనా అనలేదు. అలవాటైతే అయింది, మావాడి ఒంటికి కాదు, లోపలున్న బ్యాక్టీరియాకి.

అదెలాగో మా మరదలికి చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. వైరస్ తన డీఎన్ఏ దారాన్ని బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తుంది. బలమున్న వైరస్ అయితే బ్యాక్టీరియాకి ఊపిరి సలపదు, చస్తుంది. చచ్చిన వైరస్ దారం మాత్రం లోపల ఊరికే పడి ఉంటుంది. అప్పుడు బ్యాక్టీరియా తాపీగా దాంట్లోంచి ముక్కలు కత్తిరించి తన డీఎన్ఏలో దాచుకుంటుంది. ఆ ముక్కలకి నకళ్ళు తీసి, కత్తెరలాంటి ప్రొటీన్‌లకి అప్పగిస్తుంది. అవి కనబడ్డ ప్రతి దారాన్నీ తడుముతాయి. దారమంతా అక్షరాల్లాంటి రాతే, అందులో ముందు రెండు మూడక్షరాల గుర్తు ఒకటి ఉందా అని చూస్తాయి. లేకపోతే వదిలేస్తాయి. ఉంటే దాని పక్కనే దారం పురి విప్పి, తమ దగ్గరున్న నకలుతో అక్షరం అక్షరం సరిచూస్తాయి. సరిపోయిందా, కసుక్కున కోసేస్తాయి.

మరదలు అంతా విని, మరి తను దాచుకున్న ముక్కని తనే కోసుకోదా వదినా అని అడిగింది. దాచుకున్న ముక్క పక్కన ఆ గుర్తు ఉండదమ్మా, అందుకే దాన్ని ముట్టుకోదు అన్నాను. ఎంత తెలివో దానికి అంది. నాకు ఒళ్ళు మండింది గానీ ఆ మాటలో తప్పేముంది?

రెండో మోతాదు పూర్తి బలంతో వెళ్ళింది. జ్వరం తగ్గకపోగా పెరిగింది. వాడి తొడలోంచి తీసిన చీముని పళ్ళెంలో పెంచి వైరస్ వేస్తే, అంతా తెల్లగా, నున్నగా పరుచుకుని ఉంది. గుంట అన్నదే లేదు. పళ్ళెం తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను.

"మీరు టీకా వేసింది మా తమ్ముడికి కాదండీ, వాడిని తినే పురుగులకి."

ఆయన పళ్ళేన్ని లైటు కిందకి జరుపుకున్నాడు. తలెత్తి నా మొహం చూడలేకపోయాడు. చూసి మాత్రం ఏం చేస్తాడు, నా బొంద.

ఒక్క ఆశ మిగిలింది. వైరస్ తన అక్షరాలు రాసుకోవడంలో అప్పుడప్పుడూ తప్పులు చేస్తుంది. కోట్లలో ఏ ఒక్కదానికైనా ఆ గుర్తు మారిపోతే కత్తెర దాన్ని పోల్చుకోలేదు. అలా తప్పించుకున్నది ఒక్కటున్నా పళ్ళెంలో గుంట పడుతుంది, దాన్నే పెంచి ఎక్కించొచ్చు. కానీ ఈ బ్యాక్టీరియా ఒక్క ముక్కతో ఊరుకోలేదు, నాలుగైదు చోట్ల నుంచి దాచుకుంది. అన్ని గుర్తులూ ఒకే వైరస్‌లో ఒకేసారి మారడం అయ్యే పని కాదని నాకు తెలుసు. తెలిసీ పళ్ళేల్లో జెల్లీ పోసి, బ్యాక్టీరియాని పెంచి, వైరస్ వేస్తూనే ఉన్నాను. ఆఖరి పళ్ళెం తేలేదాకా కాలు ముట్టుకోవద్దని మావాడు సర్జన్ చేతులు పట్టుకున్నాడు. చేతులు పట్టుకుంటే లాభం లేదు, ఇక ఆలస్యం చేస్తే నా పూచీ లేదని ఆయన కచ్చితంగా చెప్పాడు.

పొద్దున్న ఆఖరి పళ్ళెంలో ఒక గుంట కనబడింది. భూతద్దం పెట్టి, సూది మొనతో కదిపి చూశాను. జెల్లీ పోసేటప్పుడు చిక్కుకున్న గాలిబుడగ. అంతే. ఎలా ఉన్నా తనకి చూపించి తీరాలని తమ్ముడు ఒట్టు పెట్టించుకున్నాడు కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

ఆసుపత్రి వరండాలో సర్జన్ నన్ను ఆపాడు. రాత్రికి రాత్రి రక్తంలోకి పాకిపోయిందట. ఇప్పుడు కాలు తీసినా దక్కడట, టేబుల్ మీదే పోతాడట. వాళ్ళావిడకి మీరే చెప్పండి, నావల్ల కాదు అని చేతులెత్తేసి వెళ్ళిపోయాడు. ఫోన్ పట్టుకుని గదిలోకి వెళ్ళాను.

వాడు ఫోన్ లాక్కుని ఫొటోని పెద్దది చేసి చూశాడు. జ్వరంతో పీక్కుపోయిన మొహం వెలిగింది.

"ఇదిగో అక్కా, గుంట."

"గాలిబుడగరా అది."

ఫొటోని మళ్ళీ చిన్నది చేశాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"సరేలే. కాలు తీసెయ్యమని చెప్పు. నిచ్చెనెక్కకపోతే ఏం, కింది గోడలు నేనేస్తా, పైవి ఇంకెవరైనా వేస్తారు. బతికుంటే చాలు."

ఆ మాట కోసం మరదలు ఎన్నాళ్ళుగా వాడి కాళ్ళావేళ్ళా పడిందో నాకు తెలుసు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ మనసు మార్చుకుంటారు, ఇప్పుడే వెళ్ళి డాక్టర్‌కి చెప్పు వదినా అని తొందరపెట్టింది.

చెప్తానన్నాను. బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. వెళ్ళి చెప్పినా ఇప్పుడా కాలు తీసేవాళ్ళు ఎవరూ లేరు. లోపల మరదలు ఏడుస్తూ నవ్వుతోంది, వాడు ఊరుకోవే అంటున్నాడు. నేను అక్కడే ఉండిపోయాను.